వేరుశనగలో కాయల సంఖ్యకు హెరిటబిలిటీ (రకాల మధ్య తేడాల్లో జన్యువుల వాటా) ఎక్కువ వచ్చింది, దాన్ని నమ్మి ఎంపిక చేయొచ్చా?

పాకాల_పిల్ల

అందరికీ నమస్తే. తిరుపతిలో ఎమ్మెస్సీ ప్లాంట్ బ్రీడింగ్ రెండో ఏడాది చదువుతున్నాను, థీసిస్ వేరుశనగ మీద. పోయిన ఖరీఫ్‌లో 36 ఎంట్రీలు (పరీక్షించే రకాలు) మూడు రెప్లికేషన్లతో, అంటే ఒక్కోటి మూడు బ్లాకుల్లో, ఆర్‌బీడీ అనే పద్ధతిలో వేశాను. చాలావరకు అడ్వాన్స్‌డ్ లైన్లే (ఎంపికై స్థిరపడినవి), పోల్చిచూసే చెక్‌లుగా కదిరి–6, నారాయణి, ధరణి పెట్టాను. ప్లాట్‌కి అయిదు మొక్కలకు ట్యాగులు కట్టి, పూత వచ్చిన రోజు దగ్గర్నుంచి కాయల సంఖ్య, కాయల బరువు, గింజ శాతం, వంద గింజల బరువు, హార్వెస్ట్ ఇండెక్స్ (మొక్క మొత్తం బరువులో కాయల వాటా) దాకా పదమూడు లక్షణాలు తీసుకున్నాను.

అనాలిసిస్ అయిపోయింది. మొక్కకు కాయల సంఖ్య సగటు 18.4. ఎంట్రీల మధ్య తేడాను చూపే మీన్ స్క్వేర్ 50, ఎర్రర్‌ది 8. జీసీవీ (సగటు మీద జన్యు తేడా శాతం) 20.3, పీసీవీ (కంటికి కనిపించే మొత్తం తేడా శాతం) 25.5, హెరిటబిలిటీ 63.6 శాతం, జెనెటిక్ అడ్వాన్స్ (ఎంపికతో వస్తుందని అంచనా వేసే లాభం) సగటు మీద 33.4 శాతం వచ్చాయి. అన్నీ 'ఎక్కువ' తరగతిలోకే పడుతున్నాయి. గింజ శాతానికి హెరిటబిలిటీ 82, కానీ జెనెటిక్ అడ్వాన్స్ 7.5 మాత్రమే. మనకు అసలు కావాల్సిన కాయ దిగుబడికి హెరిటబిలిటీ 41 దగ్గరే ఆగింది. పాత్ అనాలిసిస్‌లో (ఏ లక్షణం దిగుబడిని నేరుగా ఎంత మారుస్తుందో విడదీసే లెక్క) కాయ దిగుబడి మీద అందరికంటే పెద్ద డైరెక్ట్ ఎఫెక్ట్ గింజ దిగుబడిది, తర్వాత హార్వెస్ట్ ఇండెక్స్‌ది.

పాత థీసిస్‌లు ఏవి తిరగేసినా ఒకటే వాక్యం. హెరిటబిలిటీ, జెనెటిక్ అడ్వాన్స్ రెండూ ఎక్కువ, కాబట్టి అడిటివ్ జీన్ యాక్షన్ (జన్యువుల ప్రభావాలు ఒకదానికొకటి కూడుకోవడం), కాబట్టి ఈ లక్షణాన్ని చూసి ఎంపిక చేస్తే దిగుబడి పెరుగుతుంది. నేనూ అదే రాశాను. రాశాక నాకే నమ్మకం కుదరలేదు. ఎందుకంటే కాయల సంఖ్యలో మొదట నిలిచిన 17వ ఎంట్రీ (మొక్కకు 29 కాయలు) దిగుబడిలో మధ్యలో ఎక్కడో ఉంది. గింజలు చిన్నవి, వంద గింజలు తూస్తే 29 గ్రాములే. మరి కాయల సంఖ్య చూసి ఎంపిక చేయమని ఏ ధైర్యంతో రాయాలి?

ఇంకో సంగతి. కోతకు వారం ముందు వాన పట్టుకుంది. మూడో రెప్లికేషన్ పల్లంలో ఉంది, రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. చాలా ఎంట్రీల్లో కాయలు నేలలోనే మొలకలెత్తాయి, వాటిని తూకంలో కలపకుండా తీసేశాను. అది తప్పా?

పండక్కి ఇంటికెళ్తే మా నాయన నా టేబుళ్ళన్నీ చూసి, "ఇన్ని లెక్కలేశావు కదా, ఇప్పుడు మన కయ్యలో ఏ రకం పెట్టమంటావు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పట్నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

పదును

అమ్మా, రాసిన వాక్యం మీద నమ్మకం కుదరక ఆగావు చూడు, అక్కడ చాలామంది ఆగరు. ఈ పంటలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

నీ లెక్కలో తప్పు లేదు. 50లోంచి 8 తీసేసి మూడుతో భాగిస్తే 14, అది జన్యు వేరియన్స్. దానికి ఎర్రర్ 8 కలిపితే 22. 14ని 22తో భాగిస్తే 63.6. కానీ ఆ 14లో ఏమేం కలిసి ఉన్నాయో చూడు. నువ్వు వేసింది ఒక్క ఖరీఫ్, ఒక్క పొలం. ఆ ఏడాది వాన ఎప్పుడు పడింది, ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే వారంలో నేలలో పదును ఉందా లేదా అన్నదాన్నిబట్టి కొన్ని రకాలకు కలిసొస్తుంది, కొన్నిటికి దెబ్బ తగులుతుంది. తొందరగా పూత వచ్చే రకం ఆగస్టు వానకు దొరికిపోయి బాగా కాయొచ్చు, వచ్చే ఏడు అదే రకం అదే నెలలో బెట్టకు చిక్కి ఊడలు నేలలోకి దిగలేక ఎండిపోవచ్చు. ఇది రకంలో ఉన్న గుణం ఒక్కటే కాదు, ఆ రకానికీ ఆ సీజన్‌కీ కుదిరిన పొత్తు. ఒక్క సీజన్ ట్రయల్‌లో ఈ రెంటినీ విడదీసే దారి లేదు, రెండూ కలిసి ఆ 14లోనే కూర్చుంటాయి.

ఉదాహరణకు అందులో 6 ఆ పొత్తుదే అనుకో. అసలు జన్యు భాగం 8కి దిగుతుంది, హెరిటబిలిటీ 36 అవుతుంది, నీ 33 శాతం జెనెటిక్ అడ్వాన్స్ కాస్తా 19కి పడిపోతుంది. 'ఎక్కువ' అని రాసినచోట 'మధ్యస్థం' అని రాయాల్సి వస్తుంది. ఈ 6 నేను లెక్క కోసం వేసుకున్న అంకె, నీ పొలంలో నిజంగా ఎంతో రెండో సీజన్ వేస్తేనే తేలుతుంది. నేను చెప్పొచ్చేదేమిటంటే, హెరిటబిలిటీ అనేది కాయల సంఖ్యకు పుట్టుకతో అతుక్కున్న అంకె కాదు, నీ 36 ఎంట్రీలకు, నీ పొలానికి, ఆ ఖరీఫ్‌కు వచ్చిన అంకె. ఎంట్రీలు మార్చితే మారుతుంది. పొలం చదునుగా లేకపోతే ఎర్రర్ పెరిగి మారుతుంది.

అడిటివ్ అన్న మాట తీసేయ్. జాన్సన్, రాబిన్సన్, కామ్‌స్టాక్ అనే శాస్త్రవేత్తలు 1955లో సోయాబీన్ మీద పనిచేసి చెప్పింది, హెరిటబిలిటీ ఒక్కటే చూడకుండా జెనెటిక్ అడ్వాన్స్‌ని కూడా పక్కన పెట్టుకుంటే ఎంపికలో ఎంత లాభం వస్తుందో అంచనా మెరుగ్గా ఉంటుందని. అంతవరకు చాలా మంచి మాట. దాన్నుంచి జీన్ యాక్షన్ దాకా లాగడం మనవాళ్ళు తర్వాత అలవాటు చేసుకున్నారు. నీ ఎంట్రీలన్నీ స్థిరపడిన లైన్లు, సంకరాలు లేవు, తరాలు లేవు. జీన్ యాక్షన్ తెలియాలంటే లైన్ ఇంటూ టెస్టరో, డయాలెలో, జనరేషన్ మీన్ అనాలిసిసో, అంటే సంకరాలు చేసి పోల్చే ప్రయోగాలు, చేయాలి.

పాత్ అనాలిసిస్ గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకు. గింజ దిగుబడి అంటే ఏమిటి? కాయ దిగుబడిని గింజ శాతంతో గుణిస్తే వచ్చేదే కదా. కాయ దిగుబడి మీద దాని ప్రభావం పెద్దది అని రాస్తే, సంచి బరువు మీద సంచిలోని బియ్యం ప్రభావం పెద్దది అన్నట్టే. హార్వెస్ట్ ఇండెక్స్ కూడా అంతే, దాని లెక్కలో పైన ఉండేదే కాయ దిగుబడి. వీటిని పెట్టడం వల్ల ఇంకో నష్టం, ఒకదానితో ఒకటి ఇంత దగ్గరగా ఉన్న లక్షణాలు ఒకే పాత్‌లో ఉంటే మిగతావాటి డైరెక్ట్ ఎఫెక్టులు తలకిందులవుతాయి, ప్లస్ రావాల్సింది మైనస్ వస్తుంది. ఆ రెంటినీ తీసేసి మళ్ళీ నడుపు. కాయల సంఖ్య, వంద గింజల బరువు, గింజ శాతం, ప్రధాన కొమ్మలు, పూతకు పట్టిన రోజులు ఉంచు చాలు. డ్యూయీ, లూ అనే శాస్త్రవేత్తలు 1959లో దీన్ని మొక్కల మీద వాడింది దిగుబడిని దాని కారణాలుగా విడదీయడానికి, దిగుబడిని దిగుబడితోనే కొలవడానికి కాదు.

17వ ఎంట్రీ విషయంలో నీ కన్ను సరిగ్గా పనిచేసింది. కాయలు ఎక్కువైతే ఒక్కో గింజకు అందే తిండి తగ్గుతుంది, మొక్క తయారుచేసే పిండిపదార్థం అంతే కాబట్టి. చాలా ట్రయల్స్‌లో ఈ రెండు లక్షణాలకూ వ్యతిరేక సంబంధం కనిపిస్తుంది. అందుకని ఒక్క కాయల సంఖ్య మీద పడి ఎంపిక చేస్తే, రెండు మూడు తరాల్లో చిన్న గింజలు, లొట్టలు ఎక్కువున్న లైన్లు నీ చేతిలో మిగులుతాయి. సగటుకు మించిన కాయలు ఉండి, వంద గింజల బరువు చెక్ కంటే తగ్గనివాటిని ముందు విడిగా తీసి, వాటిలో వెతుక్కో.

ఒక ప్రశ్న. ట్యాగు కట్టిన ఆ అయిదు మొక్కల్ని ఎలా ఎంచుకున్నావు? పక్కన మొక్క చచ్చిపోయి ఖాళీ ఉన్నచోట మొక్క విరగకాస్తుంది, కన్ను దాని మీదకే పోతుంది. మొలకశాతం తక్కువున్న ఎంట్రీలో ఖాళీలు ఎక్కువ, కాబట్టి ఆ ఎంట్రీకి మొక్కకు కాయలు ఎక్కువ అని అంకె వస్తుంది, ప్లాట్ మొత్తం తూస్తే మాత్రం దిగుబడి తక్కువ. 17వ ఎంట్రీ ప్లాట్‌లో కోత నాటికి ఎన్ని మొక్కలున్నాయో ఒకసారి చూడు.

ఐరాల_చెనక్కాయ

పై సారు లెక్కలు చెప్పినారు, నాకు లెక్కలు రావు కానీ చెనక్కాయ పంట నలభై ఏళ్ళు చేసినాను కాబట్టి రాస్తున్నా. అమ్మా, మొలకలెత్తిన కాయల్ని తూకంలో కలపకుండా తీసేసినాను అన్నావే, నాకు కావాల్సిన లెక్క అదే తల్లీ.

మా పక్క జూన్, జూలైలో వాన పదునుకు వేస్తాం, అక్టోబరులో పెరికే అదను వస్తుంది. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు. ఒక ఏడు ముసురు పట్టి ఎనిమిది రోజులు కయ్యలో కాలు పెట్టలేకపోయినాను. తొమ్మిదోరోజు ఒక మొక్క పెరికి చూస్తే ప్రతి కాయ మూతి పగిలి తెల్లగా మొలక బయటికొచ్చింది, చేతిలో పట్టుకుంటే సన్న పురుగుల మాదిరి ఉన్నాయి. ఎకరాకు ఎన్ని కాయలు కాసినా ఏం లాభం, మండీలో ఆ సరుకు ముఖం కూడా చూడరు. పక్క కయ్యలో వేరే రకం వేసినాయనకు అంత మొలక రాలేదు, అదే వాన, అదే నేల. ఆ తేడా నీ పదమూడు లక్షణాల్లో ఉందా?

ఇంకోటి, ఊడ బలం. మా ఎర్రనేల ఎండితే రాయి మాదిరి బిగిస్తుంది. మొక్క పెరికితే కొన్ని రకాలు గుత్తిగా కాయలతో సహా లేస్తాయి, కొన్ని రకాల్లో ఊడ పుటుక్కున తెగి సగం కాయలు నేలలోనే ఉండిపోతాయి. తర్వాత కూలోళ్ళను పెట్టి పారలతో తవ్వించి ఏరుకోవాలి, ఆ కూలి ఖర్చుకు మిగిలేదేమీ ఉండదు. నువ్వు మొక్కకు వచ్చిన కాయలు లెక్కపెట్టినావు, నేలలో మిగిలినవి లెక్కపెట్టినావా?

పక్వం అంతా ఒకేసారి రావడం కూడా చూడు. మేం ఎట్లా చూస్తామంటే, అక్కడక్కడా ఒక మొక్క పెరికి కాయ పగలగొట్టి డొల్ల లోపలి పక్క చూస్తాం. తెల్లగా దూది మాదిరి ఉంటే ఇంకా లేత, గోధుమ రంగు, నలుపు తిరిగితే ముదిరింది. మంచి రకంలో పది కాయల్లో ఏడెనిమిదికి లోపల నల్లబడి ఉంటుంది. కొన్ని రకాలు పూస్తూనే ఉంటాయి, ఒకే మొక్కలో ముదురు కాయ, లేత కాయ, ఊడ, పువ్వు అన్నీ ఉంటాయి. లెక్కలో అది 29 కాయలు అవుతుంది, మండీలో వ్యాపారి గుప్పెడు కాయలు ఒలిచి గింజ తూసి ధర చెప్పేటప్పుడు మాత్రం ముదిరినవే లెక్క. మీ నాయన అడిగిన ప్రశ్న కూడా ఇదే అనుకుంటా.

పలమనేరు_పాడి

కట్టె (కాయలు తీశాక మిగిలే మొక్క) గురించి కూడా రాసుకోమ్మా. మా ఊళ్ళో పాడి లేని ఇల్లు లేదు, ఎండాకాలంలో ఆవులకు చెనక్కాయ కట్టే ఆధారం. ఆకుమచ్చ తెగులొచ్చి కోత నాటికి ఆకంతా రాలిపోయే రకం వేస్తే ఉత్త పుల్లలు మిగులుతాయి, ఆవు మూతి పెట్టదు. కాయ రెండు బస్తాలు తక్కువైనా పచ్చగా ఉండి ఆకు నిలిచే రకమే మాకు లాభం. ఎండు కట్టె బరువు తీసుకుని ఉంటే ఆ టేబులూ పెట్టు.

స్వర్ణముఖి_ఒడ్డు

మాది కాళహస్తి వైపు. పరిశోధన పొలాల్లో చాలాకాలం క్రాసింగ్ పనిచేశాను, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. చెల్లెమ్మ ప్రశ్నకు నేరుగా సమాధానం కాకపోయినా, వైవిధ్యం ఎందుకు వెతకాలో చెప్పే ఒక సంగతి మా ఊరి పేరుతోనే ఉంది.

1975–76లో మా కాళహస్తి ప్రాంతంలో చెనక్కాయకు ఒక జబ్బొచ్చింది. పైన మొక్క కొంచెం గిడసబారి ముదురాకుపచ్చగా ఉండేది, పెరికితే కాయలు చిన్నవిగా, తొక్క మీద నల్లటి మచ్చలతో, ఊడలు పొట్టిగా ఉండేవి. అది నేలలోని నులిపురుగు పని అని తర్వాత తేల్చారు. పుస్తకాల్లో ఇప్పటికీ దాన్ని కాళహస్తి మాలడీ అనే రాస్తారు. మందు చల్లి నులిపురుగును నేలంతా చంపడం రైతువల్ల అయ్యే పనా? దారి చూపించింది రకాలే. జెర్మ్‌ప్లాసమ్ (దాచిపెట్టిన రకాల సేకరణ) మొత్తం జబ్బు నేలలోనే వేసి తట్టుకునేవి ఏవో వెతికితే కొన్ని దొరికాయి, అలా వచ్చిందే తిరుపతి–3, తర్వాత కాళహస్తి పేరుతోనే ఇంకో రకం వచ్చింది. ఆ తట్టుకునే లైన్లు అంతకుముందు ఏళ్ళ తరబడి సంచుల్లో ఊరికే ఉన్నాయి, వాటి కాయల సంఖ్య చూసి ఎవరూ ఎంపిక చేసి ఉండరు.

వేరుశనగకు ఒక కష్టం ఉంది. పైకి చూస్తే గుత్తి రకం, తీగ రకం, రెండు గింజలది, మూడు నాలుగు గింజలది, ఎరుపు, గులాబీ, తెలుపు, ఊదా పొర, ఎన్నో రకాలుగా కనిపిస్తుంది. లోపల డీఎన్ఏలో తేడా మాత్రం తక్కువ. రెండు అడవి జాతులు, డురనెన్సిస్, ఇపాయెన్సిస్ అనేవి, దక్షిణ అమెరికాలో కలిసి 40 క్రోమోజోములతో ఈ పంట పుట్టింది. అలా పుట్టినది అడవి జాతులతో మళ్ళీ తేలిగ్గా కలవదు, అవి చాలావరకు 20 క్రోమోజోములవి కాబట్టి. దానికితోడు మనం వాడుకున్న తల్లిదండ్రులూ కొన్నే. 1940లో వచ్చిన టీఎంవీ–2 మన పక్కనున్న గుడియాత్తం గుత్తి రకంలోంచి ఏరి తీసిందే, దాన్ని దశాబ్దాలపాటు వేశాం. జేఎల్–24 కూడా ఎంపికతో వచ్చిందే, కదిరి–6 పుట్టుకలో మళ్ళీ ఆ జేఎల్–24 ఉంది. అందుకే ఇక్రిశాట్‌లో వేల రకాల్లోంచి 184 రకాల మినీ కోర్ అని ఒకటి తీశారు, మొత్తం వైవిధ్యాన్ని చిన్న పొలంలో చూసుకోగలిగేలా. నీ 36లో అడ్వాన్స్‌డ్ లైన్లే ఎక్కువ అన్నావు, వాటి వంశం రాసుకుని చూడు, సగం లైన్లు ఒకే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు పుట్టి ఉండొచ్చు.

క్రాసింగ్ ఎప్పుడైనా చేశావా? చేయకపోతే తప్పకుండా చెయ్. సాయంత్రం పూట మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఆకు కణుపులో పట్టుకోవాలి, పసుపు పచ్చగా అప్పుడే బయటికి కనిపిస్తుంటుంది. ఎడమచేతి వేళ్ళమధ్య పెట్టి పెద్ద రేకను వెనక్కి మడిచి, లోపలి రేకలు తెరిచి, ఫోర్సెప్స్‌తో పుప్పొడి తిత్తులన్నీ తీసేయాలి, కీలం విరగకూడదు. ఒక్కటి మిగిలినా అది స్వపరాగమే. తెల్లారాక మగ మొక్క పువ్వు తెచ్చి, పడవలాంటి రేకను నొక్కితే జిగటగా పుప్పొడి బయటికొస్తుంది, దాన్ని కీలాగ్రానికి అంటించి కణుపుకు దారం కట్టాలి. వారం తర్వాత ఊడ కనిపిస్తే ఆ సంతోషం వేరు. మొదటిసారి యాభై పువ్వులు చేస్తే నాకు దక్కినవి ఆరు కాయలు.

పాకాల_పిల్ల

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు. అందరికీ చాలా థాంక్స్.

పదును సార్, మీరడిగిన రెండు పనులూ చేశాను. గింజ దిగుబడి, హార్వెస్ట్ ఇండెక్స్ తీసేసి పాత్ మళ్ళీ నడిపితే వంద గింజల బరువుకు ఇంతకుముందు మైనస్‌లో ఉన్న డైరెక్ట్ ఎఫెక్ట్ ఇప్పుడు ప్లస్‌లోకి వచ్చింది. రెసిడ్యువల్ (ఈ లక్షణాలతో తేలని భాగం) పెరిగింది, కానీ ఇప్పుడు అర్థమయ్యేలా ఉంది. 17వ ఎంట్రీ ప్లాట్‌లో ఉండాల్సిన 90 మొక్కల్లో కోత నాటికి మూడు రెప్లికేషన్లలో 61, 58, 49 ఉన్నాయి. నేను ట్యాగు కట్టింది బాగున్న మొక్కలకే సార్. ఎవరూ అలా కట్టమని చెప్పలేదు, పొలంలో నిలబడినప్పుడు చెయ్యి వాటి మీదకే పోయింది.

ఐరాల పెదనాన్నా, మీ మాట చదివాక ఫీల్డ్ బుక్ తీశాను. మొలకలొచ్చిన ప్లాట్ల పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న 'మొ' అని రాసుకున్నాను, అప్పట్లో అది తూకంలోంచి తీసేయడానికి గుర్తు మాత్రమే. మూడో రెప్లికేషన్‌లో 36లో 27 ఎంట్రీలకు ఆ గుర్తు ఉంది. మిగతా తొమ్మిదికి లేదు. వాటిలో నాలుగు ఒకే క్రాస్ నుంచి వచ్చినవి. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

దాచిన గింజల్ని ఇప్పుడు మొలకెత్తించి చూస్తే నిద్ర (కోసిన వెంటనే మొలకెత్తకుండా ఆగే గుణం) ఉందో లేదో తెలుస్తుందా? ఇంకో ప్రశ్న, డీ స్క్వేర్‌లో (ఎంట్రీలు ఒకదానికొకటి ఎంత దూరమో కొలిచే లెక్క) 36 ఎంట్రీలూ ఆరు క్లస్టర్లుగా వచ్చాయి. అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు క్లస్టర్లలోంచి తల్లిదండ్రుల్ని తీసుకుంటే చాలా?

పదును

తెలియదమ్మా, ఇన్ని నెలలకు ఆ నిద్ర ఎలాగూ వదిలిపోయి ఉంటుంది. పెరికిన రోజే, లేదా రెండు మూడు రోజుల్లోపు తాజా గింజను తడిపిన కాగితంలో పెట్టి చూడాలి, తర్వాత వారానికోసారి అదే లాట్‌లోంచి తీసి పెడుతూ ఎన్ని వారాలకు మొలక మొదలవుతుందో రాసుకోవాలి. మన గుత్తి రకాలకు మామూలుగా నిద్ర ఉండదు, వర్జీనియా రకాలకు ఉంటుంది. మనకు కావాల్సింది రెండు మూడు వారాల నిద్ర. అంతకంటే ఎక్కువైతే ఖరీఫ్ గింజను రబీకి వేసేవాళ్ళకు ఇబ్బంది, ఇథరిల్ అనే నిద్ర వదిలించే మందులో నానబెట్టుకుని వేసుకోవాల్సి వస్తుంది. ఆ తొమ్మిదీ ఒక్క రెప్లికేషన్‌లో, ఒక్క వానకు నిలిచినవి, నిజంగా నిద్ర ఉండి నిలిచాయో, కోతకు ఇంకా లేతగా ఉండి నిలిచాయో కూడా చూడాలి. ఐరాల ఆయన చెప్పిన డొల్ల పరీక్ష అక్కడ పనికొస్తుంది, ఎంట్రీకి యాభై కాయలు పగలగొట్టి ముదిరినవి ఎన్నో రాయి.

డీ స్క్వేర్ దూరం ఒక్కటే చూసి తల్లిదండ్రుల్ని తీయకు. ఏ లక్షణం వల్ల ఆ దూరం వచ్చిందో చూడు, చాలాసార్లు వంద గింజల బరువు ఒక్కటే సగానికిపైగా దూరాన్ని మోస్తుంటుంది, అప్పుడు అది పెద్ద గింజ చిన్న గింజ తేడా తప్ప ఇంకేమీ కాదు. ముందు సగటు బాగున్నవి, తర్వాత నీకు కావాల్సిన గుణం ఉన్నవి, ఆ తర్వాతే దూరం.

క్రాస్ చేశాక ఎఫ్‌2లో (సంకరం తర్వాతి రెండో తరంలో) ఒక్కో మొక్క కాయల బరువు చూసి ఎంపిక చేయాలని మనసు లాగుతుంది. చేయకు. ఒక్క మొక్క దిగుబడికి హెరిటబిలిటీ చాలా తక్కువ, నీ అయిదు మొక్కల సగటుకే 41 వచ్చింది చూశావుగా. ఎఫ్‌2లో కంటికి నిలకడగా కనిపించేవి, కాయ ఆకారం, గింజ పరిమాణం, ఆకుమచ్చను తట్టుకోవడంలాంటివి చూసి పనికిరానివి వదిలేయ్, మిగతా ప్రతి మొక్క నుంచి ఒక్కో గింజ తీసుకుంటూ నాలుగైదు తరాలు పోనివ్వు, దిగుబడిని అప్పుడు ప్లాట్‌లలో చూడు. వేరుశనగలో విత్తనం మెల్లగా వృద్ధి అవుతుంది, మొక్కకు ముప్పై నలభై గింజలే వస్తాయి కాబట్టి ఓపిక కావాలి.

ఐరాల_చెనక్కాయ

సారు చెప్పినట్టు చెయ్ తల్లీ. ఆ తొమ్మిదీ గుప్పెడు గుప్పెడు నాకిస్తే మా బావి కింద గెనిమ పక్కన తొమ్మిది సాళ్ళు వేసి చూపిస్తా. పెరికేటప్పుడు నువ్వే వచ్చి ఊడలు లెక్కపెట్టుకో, భోజనం మా ఇంట్లోనే.

పాకాల_పిల్ల

మా మేడం దగ్గర అనుమతి అడిగాను పెదనాన్నా, పరిశోధన లైన్లు కాబట్టి బయటికివ్వాలంటే ఒక పద్ధతి ఉంది, అది పూర్తయ్యాక తెస్తాను. రబీ ట్రయల్‌కు మేడం ఒప్పుకున్నారు. 17తో సహా 36 ఎంట్రీలూ మళ్ళీ వేస్తున్నాను, పల్లం లేని చోట, ఈసారి ప్రతి సాలులో మొదటి మూడు మొక్కలు వదిలేసి నాలుగో మొక్క నుంచి వరసగా ట్యాగు కడతాను, బాగున్నా బాగాలేకపోయినా. పెరికాక ప్లాట్‌లో చదరపు మీటరు తవ్వి మిగిలిన కాయలు లెక్కపెడతాను. ఎండు కట్టె బరువు కూడా తీస్తాను పలమనేరు అన్నా.

నాయనకు ఫోన్ చేసి చెప్పాను, ఏ రకం పెట్టాలో ఇంకా తెలియదు, వచ్చే ఖరీఫ్ అయ్యాక చెప్తాను అని. "సరేలే, వాన మొలక రానిది అయితే చాలు" అన్నాడు.